తాజ్‌మహల్‌కు కాపలా ఎక్కడ మొదలవుతుంది?

ప్రతి జాతికీ రెండు విధాలైన సంపదలు ఉంటాయి. పూర్వులు అప్పగించి వెళ్ళినది ఒకటి; వర్తమాన తరం తన చెమటతో నిర్మించుకొనేది మరొకటి. ఆలయాలు, కోటలు, సమాధి మందిరాలు మొదటి కోవకు చెందినవి. ఆనకట్టలు, విద్యుత్కేంద్రాలు, రైలు మార్గాలు, చమురు శుద్ధి కర్మాగారాలు రెండవ కోవకు చెందినవి. మొదటిది ఒకసారి నశిస్తే మళ్ళీ రాదు. రెండవది ఒక్క దినం ఆగిపోయినా జనజీవనం స్తంభిస్తుంది. కనుక రెండింటినీ ప్రకృతి వైపరీత్యాల నుంచి, శత్రువుల నుంచి, మానవుల అజాగ్రత్త నుంచి కాపాడుకోవలసిందే. ఇందులో అభిప్రాయ భేదానికి తావు లేదు.

అయితే ఈ రెండు సంపదలూ ఒకదానికొకటి ఎదురు నిలిచినప్పుడు ఏమి చేయాలి? ఒకదాని రక్షణ భారం మరొకరి బ్రతుకు మీద పడినప్పుడు ఆ భారాన్ని ఎవరు మోయాలి? ఈ ప్రశ్నలకు గ్రంథాలలో కంటె ఆగ్రా నగర అనుభవంలో చక్కని సమాధానం లభిస్తుంది.

కట్టినవారి ముందుచూపు

ముంతాజ్ మహల్ 1631లో మరణించింది. ఆ మరుసటి సంవత్సరం షాజహాన్ చక్రవర్తి ఆమె సమాధి మందిర నిర్మాణానికి పూనుకొన్నాడు. ప్రధాన మందిరం 1648 నాటికి సిద్ధమైంది; తోటలు, ద్వారాలు మొదలైనవి పూర్తి కావడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. రాజస్థాన్‌లోని మక్రానా గనుల నుంచి పాలరాయి తెప్పించారు. యమున ఒడ్డున నేల మెత్తనిది. అందుచేత శిల్పులు లోతుగా బావులు త్రవ్వి, వాటిని రాతితోను సున్నంతోను నింపి, పునాదిని దృఢపరచారు. నాలుగు మూలల మినార్లను నిట్టనిలువుగా కాక, కొంచెం వెలుపలికి ఒరిగేటట్లు నిలిపారు. భూకంపం వచ్చి అవి కూలవలసి వస్తే, ప్రధాన మందిరం మీద పడక బయటికి పడాలని వారి ఆలోచన అని చెబుతారు.

ఇంతటి జాగ్రత్త తీసుకొన్నప్పటికీ కట్టడానికి వార్ధక్యం తప్పలేదు. షాజహాన్ జీవించి ఉండగానే, 1652లో ఔరంగజేబు ఈ మందిరాన్ని దర్శించి, వానలకు గుమ్మటం కారుతున్నదని తండ్రికి లేఖ వ్రాశాడు. వెంటనే మరమ్మతులు జరిగాయి. దీనిని బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. కట్టడాన్ని కాపాడడం అంటే ఒకనాడు పూర్తిచేసి చేతులు దులుపుకొనే పని కాదు. అది తరతరాలు వంతులవారీగా చేయవలసిన పని.

ఆకాశం నుంచి, ద్వారం నుంచి

తాజ్‌మహల్ అందమే ఒకప్పుడు దానికి ఆపద తెచ్చిపెట్టింది. వెన్నెల రాత్రులలో మెరిసే తెల్లని గుమ్మటం, శత్రు విమానాలకు దారి చూపే గుర్తు కాగలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, గుమ్మటం చుట్టూ వెదురు పరంజా కట్టి దానిని మరుగుపరచారు. 1971 డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు దాడి చేసిన విమానాశ్రయాలలో ఆగ్రా కూడా ఉన్నది. ఆ యుద్ధ సమయంలో తాజ్‌మహల్‌ను ఆకుపచ్చని గుడ్డతో కప్పి, దూరం నుంచి చూచేవారికి చెట్ల గుంపువలె కనిపించేటట్లు చేశారు.

తరువాతి కాలంలో ముప్పు స్వరూపం మారింది. భద్రతా కారణాల వల్ల 1984లో రాత్రి దర్శనాన్ని నిలిపివేశారు. సుమారు ఇరవై సంవత్సరాల తరువాత, 2004లో, సర్వోన్నత న్యాయస్థానం అనుమతితో దానిని పునరుద్ధరించారు. కాని నియమాలు కట్టుదిట్టంగా ఉన్నాయి. పౌర్ణమి రాత్రి, దానికి ముందు రెండు రాత్రులు, తరువాత రెండు రాత్రులు మాత్రమే దర్శనం. అందులోనూ శుక్రవారాలకు, రంజాన్ మాసానికి మినహాయింపు ఉన్నది. విడతకు 50 మంది చొప్పున రాత్రికి 400 మందికి మించి అనుమతి లేదు.

కట్టడం లోపలి వలయానికి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, వెలుపలి వలయానికి రాష్ట్ర పోలీసులు కాపలా కాస్తారు. ఈ దళం చరిత్ర గమనింపదగినది. 1968 నాటి చట్టం ప్రకారం 1969లో ఇది ఏర్పడినప్పుడు, ప్రభుత్వరంగ కర్మాగారాల రక్షణే దీని ముఖ్యోద్దేశం. ఉక్కు కర్మాగారాన్ని కాచే దళమే పాలరాతి మందిరాన్నీ కాస్తున్నది. జాతి సంపద అన్న మాటకు రెండూ సమానంగా తగినవేనని ఇందువల్ల తెలుస్తుంది.

కంటికి కనిపించని శత్రువు

తుపాకి పట్టిన కాపలాదారు ఆపలేని శత్రువు ఒకటి ఉన్నది. అది పొగ. బొగ్గును, గంధకం గల నూనెలను మండించినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. అది గాలిలోని ఆమ్లజనితోను తేమతోను కలిసి గంధకికామ్లంగా మారుతుంది. పాలరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. ఆమ్లం సోకితే దాని పైపొర జిప్సంగా మారి, మెత్తబడి, పొరలు పొరలుగా రాలిపోతుంది. రాళ్ళను బిగించడానికి లోపల పెట్టిన ఇనుప బందులు తుప్పుపట్టి ఉబ్బినప్పుడు రాయి బీటలు వారుతుంది.

ఆగ్రాకు వాయవ్యంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని మథురలో చమురు శుద్ధి కర్మాగారం నిర్మించాలని 1970లలో నిర్ణయించినప్పుడు ఈ విషయం దేశమంతటా చర్చకు వచ్చింది. ఉత్తర భారతానికి ఇంధనం అవసరం. ఆ అవసరాన్ని కాదనడానికి వీలులేదు. కాని ఆ ప్రాంతంలో తరచుగా గాలి వీచేది కర్మాగారం వైపు నుంచి తాజ్‌మహల్ వైపునకే. అందుచేత ప్రభుత్వం 1974లో డాక్టర్ ఎస్. వరదరాజన్ అధ్యక్షతన నిపుణుల సంఘాన్ని నియమించింది.

ఆ సంఘం పరిశీలనలో ఒక ముఖ్యమైన సత్యం వెల్లడైంది. కొత్త కర్మాగారం ఇంకా పొగ విడువక ముందే ఆగ్రా గాలి కలుషితమై ఉన్నది. నగరంలోని రెండు బొగ్గు విద్యుత్కేంద్రాలు, ఆవిరి యంత్రాలు తిరిగే రైల్వే యార్డులు, వందల సంఖ్యలోని ఇనుప పోత కర్మాగారాలు అందుకు కారణాలు. రాబోయే ముప్పును గురించి అందరూ ఆందోళన చెందుతుండగా, ఉన్న ముప్పు ఎవరికీ పట్టలేదు. విద్యుత్కేంద్రాలను మూసివేయాలని, రైల్వే యార్డులలో డీజిలు యంత్రాలు వాడాలని, పొగ విడిచే కొత్త పరిశ్రమలను ఆ పరిసరాలకు రానీయరాదని సంఘం సూచించింది. 1982లో మథుర కర్మాగారం పనిచేయడం ప్రారంభించింది. గంధకాన్ని వేరుచేసే ఏర్పాట్లు, గాలిని పరీక్షించే కేంద్రాలు దానికి తోడయ్యాయి. విద్యుత్కేంద్రాలు మూతపడ్డాయి, ఆవిరి యంత్రాలు వెళ్ళిపోయాయి. ఇనుప పోత కొలుముల సమస్య మాత్రం మిగిలింది.

న్యాయస్థానం ముందు రెండు ప్రాణాలు

న్యాయవాది ఎం.సి. మెహతా 1984లో సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. పన్నెండు సంవత్సరాల విచారణ అనంతరం 1996 డిసెంబరు 30న తీర్పు వెలువడింది. బొగ్గును, కోకును వాడే 292 పరిశ్రమలు సహజవాయువుకు మారాలి. మారలేనివి ఆ ప్రాంతాన్ని విడిచి మరొకచోటికి తరలిపోవాలి. ఈ రెండూ చేయనివి మూతపడాలి. తాజ్‌మహల్ చుట్టూ ఆగ్రా, ఫిరోజాబాద్, మథుర, హాథ్రస్, ఏటా జిల్లాలలోను, రాజస్థాన్‌లోని భరత్‌పూర్ జిల్లాలోను విస్తరించిన సుమారు 10,400 చదరపు కిలోమీటర్ల ప్రాంతం రక్షిత మండలంగా గుర్తింపు పొందింది. ఒక్క సమాధి మందిరానికి రెండు రాష్ట్రాల మేర ప్రహరీ ఏర్పడిందన్న మాట.

ఈ తీర్పులో విశేషంగా గమనింపవలసినది కార్మికులను గురించిన భాగం. కొలుము ముందు ఎండిన కార్మికుడు తాజ్‌మహల్‌కు శత్రువు కాడు. మసి మొదట చేరేది పాలరాతి మీదికి కాదు, అతని ఊపిరితిత్తులలోనికే. పరిశ్రమ మూతపడితే మొదట ఆకలికి గురయ్యేది కూడా అతడే. కనుక పరిశ్రమ తరలిపోతే కార్మికుని ఉద్యోగం తెగిపోరాదని, తరలింపు కాలానికి పూర్తి వేతనం ఇవ్వాలని, వెంట వెళ్ళే కార్మికునికి ఒక సంవత్సరపు వేతనాన్ని అదనంగా చెల్లించాలని న్యాయస్థానం ఆదేశించింది. కాగితం మీది ఆదేశం ప్రతి గడపకూ సమంగా చేరిందని చెప్పలేము. చిన్న కొలుములలో పేరు లేకుండా పనిచేసినవారికి హక్కును నిరూపించుకోవడం ఎన్నడూ సులభం కాదు. అయినా జాతి సంపద రక్షణకు అయ్యే ఖర్చును పేదవాని ఒక్కని మీద మోపరాదన్న నియమం ఆనాడు స్పష్టంగా ప్రకటితమైంది.

ఈ మండలంతో తెలుగు ఇంటికి కూడా ఒక బంధం ఉన్నది. తిరునాళ్ళలోను, గాజుల అంగళ్ళలోను మన ఆడపడుచులు చేతులకు తొడుగుకొనే గాజులలో ఎన్నో ఫిరోజాబాద్ కొలుములలో తయారైనవే. ఆ కొలుములు బొగ్గును విడిచి సహజవాయువుకు మారాయి. ఆగ్రాలో బూడిదగుమ్మడికాయతో చేసే పేఠా మిఠాయి ప్రసిద్ధమైనది. ఆ మిఠాయి చేసేవారు కూడా బొగ్గు పొయ్యిలను విడువవలసి వచ్చింది. గాజు కొన్న గృహిణికి, మిఠాయి తెచ్చిన యాత్రికునికి తెలియకుండానే తాజ్‌మహల్ రక్షణలో వారికి పాలు లభించింది.

నది, గాలి, జనసమ్మర్దం

పొగ తగ్గినంత మాత్రాన పని ముగియలేదు. భారత పురావస్తు సర్వేక్షణ శాఖవారు 1994 నుంచి ముల్తానీ మట్టిని పాలరాతికి దట్టంగా పూసి, ఆరిన తరువాత శుద్ధజలంతో కడుగుతున్నారు. మురికి మట్టితోపాటు ఊడి వస్తుంది. కాని మట్టిపూత చికిత్స మాత్రమే, నివారణ కాదు. పాలరాయి రంగు మారడానికి ధూళి, చెత్త తగులబెట్టినప్పుడు వెలువడే పొగలోని కర్బన కణాలు కారణమని భారత, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి జరిపి 2014లో ప్రకటించిన పరిశోధన తెలిపింది. అనగా పెద్ద పొగగొట్టం మీద ఉంచిన దృష్టిని వీధి మూలనున్న చెత్తకుప్ప మీద కూడా ఉంచవలసి ఉన్నది.

యమున మరొక సమస్య. ప్రవాహం సన్నగిల్లి మురుగు నిలిచిన చోట పురుగులు పెరుగుతాయి. 2016 ప్రాంతంలో అట్టి పురుగులు నదివైపు గోడల మీద వ్రాలి, ఆకుపచ్చని మరకలు చేశాయి. అదే నది 2023 జూలైలో పొంగి తాజ్‌మహల్ వెలుపలి గోడలను తాకింది. ఎండినప్పుడు ఒక ముప్పు, పొంగినప్పుడు ఇంకొక ముప్పు. గాలివానలు కూడా కట్టడాన్ని విడిచిపెట్టలేదు. 2018 ఏప్రిల్‌లో పెనుగాలికి ప్రవేశద్వారం మీది చిన్న మినారు కూలింది. 2020 మే నెలలో ప్రధాన మందిరపు పాలరాతి కటకటాలు దెబ్బతిన్నాయి.

చివరిది జనసమ్మర్దం. తాజ్‌మహల్‌ను ప్రేమించి వచ్చేవారి పాదాలే మెట్లను అరగదీస్తాయి. వారి ఊపిరిలోని తేమే లోపలి గోడలను చెమర్చుతుంది. అందుచేత సమీపంలో పెట్రోలు వాహనాలను నిషేధించి బ్యాటరీ వాహనాలు నడుపుతున్నారు. 2018లో సందర్శన కాలాన్ని మూడు గంటలకు పరిమితం చేశారు. ప్రధాన మందిరంలోనికి వెళ్ళదలచినవారికి ప్రత్యేక రుసుము విధించారు. తలుపు మూసి కాపాడడం తేలిక. తెరచి ఉంచి కాపాడడమే కష్టం. ప్రజల సొత్తు విషయంలో అదే ధర్మం.

ఆగ్రా నేర్పే పాఠం

ఆగ్రా అనుభవం నుంచి గ్రహింపవలసిన అంశాలు మూడు. మొదటిది, రక్షణ ద్వారం దగ్గర మొదలు కాదు. హాని ఎంత దూరం నుంచి వస్తుందో, కాపలా అంత దూరం వెళ్ళాలి. రెండవది, పరిశ్రమ, ప్రాచీన కట్టడం పరస్పరం విరోధులు కానక్కరలేదు. ముందుగా ప్రశ్నించి, కొలిచి, తగిన ఖర్చు పెడితే రెండూ ఇరుగుపొరుగున బ్రతకగలవు. మథురలో ఇంధనం శుద్ధి అవుతూనే ఉన్నది. ఆగ్రాలో గుమ్మటం నిలిచే ఉన్నది. మూడవది, అందరి కోసం చేసే త్యాగం అందరి చేతా జరగాలి. ఒక వాడ కార్మికుల చేత మాత్రమే చేయిస్తే అది త్యాగం అనిపించుకోదు, అన్యాయం అవుతుంది.

మక్రానా రాయి, ఆగ్రా నేల, దేశదేశాల శిల్పుల చేతిపని కలిసి తాజ్‌మహల్ అయింది. దానిని నిలిపి ఉంచడంలోనూ అటువంటి కలయికే కనిపిస్తున్నది. శాస్త్రజ్ఞుని కొలత, న్యాయమూర్తి తీర్పు, కాపలాదారు మెలకువ, మట్టి పూసే కూలీ చేయి, కొలుమును మార్చుకొన్న గాజు పనివాని సహనం ఇందులో ఉన్నాయి. యాత్రికులు అక్కడ నిలిచి గుమ్మటాన్ని చూచేటప్పుడు, దాని చుట్టూ పరచుకొన్న ఈ కనిపించని ప్రహరీని కూడా తలచుకోవడం సముచితం.