టెక్స్ట్ 12లో ఏముందో అడిగారా?

‘‘మన పాత ప్రాజెక్ట్ సర్వర్ నుంచి కొత్తదానికి మారిపోవాలి. ప్లాన్ వేసుకుని రండి’’ అని మేనేజర్ మీకు పని అప్పజెప్పారనుకోండి. మొదటిరోజే కొత్త సాఫ్ట్‌వేర్ డెమోలు పెట్టుకుని కూర్చోకండి. పాతదాన్ని రోజూ వాడే మనిషి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఈ పనికి అన్నిటికన్నా ముందు కావాల్సింది అడిగే అలవాటు.

నాకది ఆలస్యంగా అబ్బింది. రోడ్లు వేసే ఒక కంపెనీలో ఈ మార్పు నా చేతుల మీదుగా జరిగింది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో ఎవరికి కావాల్సింది వాళ్లు రాసుకోవడానికి టెక్స్ట్ 1 నుంచి టెక్స్ట్ 30 దాకా ఖాళీ గడులుంటాయి. మా షెడ్యూళ్లలో టెక్స్ట్ 12లో, అదీ కొన్ని పనుల పక్కనే, ‘ఎస్’ అని ఒక్క అక్షరం కనిపించేది. ఎవరో ఎప్పుడో టైప్ చేసి వదిలేశారనుకుని ఆ గడిని కొత్తదానికి తీసుకెళ్లాల్సినవాటి జాబితాలోంచి తీసేశాను. ట్రయల్ అయ్యాక మా సీనియర్ ప్లానింగ్ ఇంజినీరు గారు కళ్లజోడు సవరించుకుని నా స్క్రీన్ వైపు వంగారు.

‘‘నా ఎస్‌లు ఏవమ్మా?’’

‘‘అవేంటి సార్?’’

‘‘సైట్ ఇంకా మన చేతికి రాలేదని గుర్తు. భూమి ఎన్నాళ్లు ఆలస్యంగా ఇచ్చారో అవి చూసే లెక్కేస్తాం. గడువు పొడిగించమని అడిగేది ఆ లెక్కతోనే. అవి పోతే ఆలస్యం మన నెత్తిన పడుతుంది.’’

నాకు నోట మాట రాలేదు. ట్రయల్ కాబట్టి సరిపోయింది. ఆ మధ్యాహ్నమే నోట్‌బుక్ పట్టుకుని ఒక్కో ప్లానర్ దగ్గరికీ వెళ్లడం మొదలుపెట్టాను. ‘మీకేం కావాలి?’ అంటే కోరికల చిట్టా వస్తుంది. ‘సోమవారం పొద్దున్నే మొదట ఏ పేజీ తెరుస్తారు? అది చూసి ఎవరికి ఫోన్ చేస్తారు?’ అని అడిగి చూడండి. అసలు పని ఎలా నడుస్తోందో అప్పుడు బయటపడుతుంది.

ఇక తేదీ సంగతి. ప్రాజెక్ట్ సర్వర్ 2016, 2019లకు సపోర్టు 2026 జులై 14 వరకేనని, ప్రాజెక్ట్ ఆన్‌లైన్ 2026 సెప్టెంబర్ 30న ఆగిపోతుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. రెండూ ఒకటే అనుకోకండి. సపోర్టు అయిపోయిన సర్వర్ మీ గదిలో నడుస్తూనే ఉంటుంది, భద్రతా ప్యాచ్‌లు మాత్రం రావు. ఆన్‌లైన్ సేవ ఆగిందంటే తెరవడానికే ఏమీ ఉండదు. మీది ఏ రకమో తేల్చుకుని, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి.

లెక్క తేలాక, ‘వచ్చే నెలకల్లా అయిపోవాలి’ అని పైవాళ్లంటే కుదరదని చెప్పడానికి జంకకండి. కారణం చూపించండి చాలు. ప్రాజెక్ట్ సర్వర్ 2010 మీద ఉన్నవాళ్లు నేరుగా 2016కి దూకలేరు, మధ్యలో 2013 మీదుగా రావాలి. 2010లో నాలుగు డేటాబేసుల్లో ఉండే సమాచారం 2013లో ఒక్కదాంట్లోకి, 2016లో షేర్‌పాయింట్ కంటెంట్ డేటాబేసులోకి చేరుతుంది. మెట్టు మెట్టుకీ పరీక్ష ఉంటుంది, దానికి టైమ్ పడుతుంది. ‘రెండు ట్రయల్స్ చేశాక కచ్చితమైన తేదీ ఇస్తాను సార్’ అనండి. ఆ మాట అన్నందుకు ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు. తలూపి వచ్చి తేదీ తప్పితే మాత్రం మళ్లీ నమ్మరు.

ఈలోగా పాత ఇంట్లో బూజు దులపండి. ఉద్యోగం మానేసిన మనిషి పేరు మీద చెక్-అవుట్ అయి ఉండిపోయిన ప్రాజెక్టులు, ఆమోదం కోసం ఎదురుచూస్తున్న టైమ్‌షీట్లు, ఎవరూ వాడని క్యాలెండర్లు తప్పకుండా దొరుకుతాయి. మన దగ్గర ఇంకోటి కూడా. ఒకే మనిషి ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, ఇద్దరుగా నమోదై ఉంటారు. ఆయన మీదున్న పనిభారం సగం సగంగా కనిపిస్తుంటే, చేతులు ఖాళీగా ఉన్నాయనుకుని ఇంకో పని మోపుతారు. పాపం, ఆ మనిషి రాత్రిళ్లు ఆఫీసులోనే ఉంటున్నా రిపోర్టులో కనపడదు. ఈ సవరణలకు మెయిల్ పెట్టి ఊరుకోకండి, ఫోన్ చేసి మాట్లాడండి.

అసలు మార్పుని శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టేముందు ఒక్కటి కాగితం మీద రాసి పెట్టుకోండి: ఆదివారం ఎన్ని గంటలకల్లా లెక్కలు సరిపోలకపోతే పాతదానికి వెనక్కి వెళ్లిపోవాలి, ఆ మాట చెప్పేది ఎవరు? నిద్రలేని కళ్లతో అప్పటికప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయం కాదది. మేము మధ్యాహ్నం 3 గంటలు అని రాసుకున్నాం. ఒంటిగంటకే అన్నీ సరిపోయాయి.

సోమవారం 9 గంటలకి ఆ పెద్దాయన పక్కనే కూర్చున్నాను. కొత్త స్క్రీన్‌లో టెక్స్ట్ 12 లేదు. ‘సైట్ అప్పగింత’ అని దానికి పేరు పెట్టాం. ఆయన పెన్ను కొనతో ఒక్కో వరుసా చూపిస్తూ, తన పాత ప్రింటవుట్‌తో పోల్చుకుంటూ చివరిదాకా లెక్కపెట్టారు. తర్వాత ఫోన్ తీసి సైట్ ఇంజినీరుకి కలిపారు.