దావీదు ఇంటి నుంచి నేను నేర్చుకున్నవి

సంఘ పెద్దగా ఎన్నో కుటుంబ తగాదాల్లో మధ్యవర్తిగా కూర్చున్నాను. ఇంటికొచ్చాక నేను తెరిచే పుస్తకం సమూయేలు రెండవ గ్రంథం. గొల్యాతును పడగొట్టిన కుర్రవాడి కోసం కాదు, ఆ కుర్రవాడు తండ్రి అయ్యాక ఏమయ్యాడో చూడడానికి. పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కనబోతున్న మీకు నాకు తెలిసిన ఐదు ముక్కలు చెప్పాలనిపించింది.

1. కోపం వస్తే చాలదు, కదలాలి.

హెబ్రోనులో ఏలిన 7 ఏళ్ల 6 నెలల్లో దావీదుకు ఆరుగురు భార్యల వల్ల ఆరుగురు కొడుకులు పుట్టారు. పెద్దవాడు అమ్నోను. అబ్షాలోము, తామారు మరో తల్లి బిడ్డలు. అమ్నోను జబ్బు నటించి, చెల్లెలు తామారు వచ్చి వండిపెట్టాలని తండ్రినే అడిగాడు. కూతుర్ని ఆ ఇంటికి పంపింది దావీదే. ఆమె పిండి కలిపి, అతని కళ్లెదుటే రొట్టెలు కాల్చింది. ఆ తర్వాత అతడు తనను బలవంతంగా చెరిచిన ఘోరానికి తలమీద బూడిద పోసుకుని, రంగురంగుల అంగీ చింపుకుని, ఏడుస్తూ వెళ్లిపోయింది. సంగతి విన్న రాజుకు చాలా కోపం వచ్చింది. అంతే. కొడుకును నిలదీసినట్టు గాని, కూతురి దగ్గరికి వెళ్లినట్టు గాని గ్రంథంలో ఎక్కడా లేదు. రెండేళ్ల తర్వాత గొర్రెల బొచ్చు కత్తిరించే విందులో అబ్షాలోము అమ్నోనును చంపించాడు. తన కూతురికి తామారు అని పేరు పెట్టుకున్నాడు.

పరువు పేరుతో ఆడపిల్ల నోరు నొక్కిన ఇళ్లు నేను చూశాను. అక్కడ కూర్చున్న పెద్దలం అందరం ముందు ఆ పిల్లను పిలిచి అడగాల్సింది. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

2. తప్పు చేసినవాడికీ తండ్రిగా మాట్లాడే బాధ్యత ఉంటుంది.

అమ్నోనును చూసి దావీదు ఎందుకు నోరు విప్పలేదు? బత్షెబ విషయంలో, ఆమె భర్త ఊరియా చావు విషయంలో తాను చేసింది కళ్లముందు మెదిలిందేమో. ఇది నా ఊహ, గ్రంథం చెప్పలేదు. కానీ నాతాను ప్రవక్త ఎదుట తన పాపం ఒప్పుకున్న మనిషి ఆయన. ఒప్పుకున్న తండ్రి మాటకే పిల్లల దగ్గర ఎక్కువ బరువుంటుందని నేను నమ్ముతాను.

3. సగం క్షమించడం క్షమించకపోవడం కన్నా ప్రమాదం.

అమ్నోనును చంపించి గెషూరుకు పారిపోయిన అబ్షాలోము మూడేళ్లు తల్లి పుట్టింట ఉన్నాడు. సేనాధిపతి యోవాబు ఉపాయం పన్నితే గాని దావీదు అతణ్ణి వెనక్కి పిలిపించలేదు. పిలిపించాక కూడా రెండేళ్లు ముఖం చూడలేదు. తండ్రి దగ్గరికి రాయబారం పంపడానికి పిలిస్తే యోవాబు రాకపోయేసరికి అబ్షాలోము అతని యవల చేనుకు నిప్పు పెట్టించాడు. అప్పుడు గాని తండ్రి ముద్దు దొరకలేదు. అప్పటికే ఆ మనసు విరిగిపోయినట్టుంది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే లేచి ఊరి గుమ్మం దగ్గర నిలబడి, వ్యాజ్యాలతో వచ్చినవాళ్లను తన వైపు తిప్పుకున్నాడు.

కొడుకును ఇంటికి రానిచ్చి, అన్నం పెట్టి, మాట మాత్రం కలపని తండ్రులు మన మధ్యా ఉన్నారు. ఒకే కప్పు కింద ఏళ్లు గడిపేస్తారు.

4. ముద్దు చేసిన బిడ్డనూ “ఎందుకు?” అని అడగాలి.

దావీదు మరో కొడుకు అదోనీయాను తండ్రి ఎన్నడూ అలా అడగలేదని రాజుల మొదటి గ్రంథమే చెబుతుంది. దావీదు మంచం మీద ఉండగానే అతడు తనకు తానే రాజునని ప్రకటించుకున్నాడు.

5. తండ్రి ఏడుపును తూచకండి.

అబ్షాలోము తిరుగుబాటు చేశాక, యుద్ధానికి సైన్యం బయలుదేరేటప్పుడు, ఆ పిల్లవాడి మీద దయ చూపమని దావీదు ముగ్గురు సేనాధిపతులకూ అందరూ వింటుండగా చెప్పాడు. వార్త తెచ్చిన ఇద్దరినీ ఆయన అడిగింది అబ్షాలోము క్షేమమేనా అని. చనిపోయాడని తెలిశాక గుమ్మం పైగదికి వెళ్లి, కొడుకు బదులు తానే పోయి ఉంటే బాగుండేదని ఏడ్చాడు. గెలిచిన సైనికులు ఓడినవాళ్లలా తలదించుకుని ఊళ్లోకి వచ్చారు. యోవాబు మందలిస్తే దావీదు కిందికి దిగి గుమ్మంలో కూర్చున్నాడు.

వయసులో ఉన్నప్పుడు యోవాబు మాటే సబబుగా తోచేది. ఇప్పుడు తోచడం లేదు. ప్రాణం తీయడానికి వచ్చినవాణ్ణి కూడా కొడుకు కాదని అనలేకపోయిన ఆ తండ్రి అంటే నాకు ప్రేమ. ఆ ఏడుపులో ఉన్నదంతా, అబ్షాలోము యెరూషలేములోనే ఉన్న ఆ రెండేళ్లలో ఏదో ఒక పూట అతని ఎదుట బయటపడి ఉంటే, ఎఫ్రాయిము అడవిలో జరిగిన ఆ యుద్ధంలో 20,000 మంది కూలేవారు కాదని నా నమ్మకం.