మందుల చీటీ రాసే హక్కు – నర్సులు, ఫార్మసిస్టులు



ఈ సంచికకు చదువుకు పనికివచ్చే విషయం ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు పెట్టారు. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో ఉండి చదువుకుని, ఇప్పుడు కొందరం నర్సింగ్‌లోను, కొందరం ఫార్మసీలోను ఉన్న మేము కలిసి ఈ అంశాన్ని ఎంచుకున్నాము. కారణం మీకు తెలిసిందే. ఇంటర్ బై.పి.సి. తర్వాత ఎం.బి.బి.యస్. సీటు రాని పిల్లలు మన హాస్టళ్ళలో ఎక్కువ. వారిలో చాలామంది జి.ఎన్.ఎం., బి.యస్సీ. నర్సింగ్, డి.ఫార్మసీ, బి.ఫార్మసీ వైపు వెళ్తారు. వెళ్ళేటప్పుడు బంధువులు అనే మాట ఒకటుంది. "డాక్టరు రాస్తాడు, మీరు ఇస్తారు, అంతే గదా!" అని. ఆ "రాయడం" అనే పనిని కొన్ని దేశాల్లో నర్సులు, ఫార్మసిస్టులు కూడా చట్టబద్ధంగా చేస్తున్నారు. అది ఎలా సాధ్యమైంది, మన దగ్గర సంగతి ఏమిటి అన్నది ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

ముందుగా ఒక తేడా గుర్తుంచుకోవాలి. మందు రాయడం వేరు, మందు ఇవ్వడం వేరు, మందు వేయడం వేరు. ఏ రోగికి ఏ మందు, ఎంత మోతాదులో, ఎన్ని రోజులు అని నిర్ణయించి సంతకం పెట్టడం రాయడం. ఆ చీటీ చూసి, సరిచూసి, మందు చేతికిచ్చి, ఎలా వాడాలో చెప్పడం ఫార్మసిస్టు పని. వార్డులో వేళకు మాత్ర వేయడం, ఇంజక్షన్ చేయడం నర్సు పని. చీటీలో తప్పుంటే జవాబు చెప్పవలసింది మొదట రాసినవాడే. కనుక రాసే హక్కు అంటే జవాబు చెప్పే బాధ్యతే.

ఇంగ్లండులో ఎలా మొదలైంది?

ఈ విషయంలో బాగా తెలిసిన ఉదాహరణ బ్రిటన్. అక్కడ డిస్ట్రిక్ట్ నర్సులని ఉంటారు. ఇళ్ళకు వెళ్ళి పుండ్లకు కట్లు కట్టడం, మంచం పట్టిన ముసలివాళ్ళను చూసుకోవడం వారి పని. ఏ పుండుకు ఏ కట్టు కావాలో రోజూ చూసే నర్సుకే బాగా తెలుసు. కానీ ఆ కట్టు గుడ్డ తెప్పించాలన్నా డాక్టరు సంతకం కావాలి. ఆమె డాక్టరు గది ముందు సంతకం కోసం కాచుకుని కూర్చోవాలి. చాలాసార్లు డాక్టరు రోగిని చూడకుండానే నర్సు చెప్పిన దాని మీద సంతకం పెట్టేవాడు. 1986లో జూలియా కంబర్లెజ్ అధ్యక్షతన వచ్చిన నివేదిక ఈ తతంగాన్ని ఎత్తిచూపి, కొన్ని మందులు, కట్లు రాసే హక్కు నర్సులకు ఇవ్వమని చెప్పింది.

నివేదిక వచ్చినంత మాత్రాన పని జరగలేదు. 1989లో డాక్టర్ జూన్ క్రౌన్ అధ్యక్షతన మరో సంఘం కూర్చుంది. 1992లో చట్టం వచ్చింది. 1994లో కొద్దిచోట్ల మాత్రం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. దేశమంతటికీ విస్తరించడం 1998 నుంచి. అంటే మొదటి సిఫారసుకు, విస్తరణకు మధ్య పన్నెండేళ్ళు గడిచాయి. అప్పుడు కూడా నర్సు చేతికి ఇచ్చింది చిన్న జాబితా. కట్లు, మలబద్ధకం మందులు, పేలమందు, పారాసెటమాల్ వంటివి. మన దృష్టికి ఇవి చాలా చిన్నవి. కాని మొదటి మెట్టుగా దానినే పెట్టుకున్నారు.

తర్వాతి మెట్టు 2003లో వచ్చింది. దీనిలో ఫార్మసిస్టులు కూడా చేరారు. డాక్టరు రోగనిర్ధారణ చేస్తాడు. ఆ తర్వాత డాక్టరు, నర్సు లేక ఫార్మసిస్టు, రోగి ముగ్గురూ ఒప్పుకున్న చికిత్సా ప్రణాళిక ఒకటి కాగితం మీద ఉంటుంది. ఆ ప్రణాళిక హద్దులో నర్సు మోతాదు పెంచవచ్చు, తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. షుగరు, బి.పి., ఉబ్బసం వంటి దీర్ఘకాల రోగాలకు ఇది బాగా సరిపోయింది. ఆ ఒప్పందంలో రోగిని కూడా ఒక పక్షంగా పెట్టడం మాకు చాలా నచ్చిన సంగతి. మన ఆసుపత్రుల్లో రోగిని అడిగే అలవాటు ఇంకా రావాలి.

2006లో మూడవ మెట్టు. అర్హత పొందిన నర్సులు, ఫార్మసిస్టులు తమకు నైపుణ్యం ఉన్న రంగంలో సొంతంగా రోగిని పరీక్షించి మందు రాసే అధికారం వచ్చింది. బ్రిటిష్ డాక్టర్ల సంఘం దీనిని గట్టిగా వ్యతిరేకించింది. డాక్టరు ఏళ్ళ తరబడి రోగనిర్ధారణ నేర్చుకుంటాడు, కొద్ది వారాల శిక్షణతో అది వస్తుందా అన్నది వారి ప్రశ్న. అది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. మార్ఫిన్ వంటి నియంత్రిత మందుల విషయంలో పూర్తి అధికారం 2012 దాకా ఇవ్వలేదు. అందులో కూడా మత్తుకు అలవాటుపడిన వారి చికిత్సకు సంబంధించిన కొన్ని మందులను మినహాయించారు.

శిక్షణ, పరీక్ష

అక్కడ నర్సుగా రిజిస్టరు కాగానే చీటీ రాయనివ్వరు. మన దగ్గర నుంచి వెళ్ళిన నర్సులకైనా ఇదే పద్ధతి. కొంతకాలం పనిచేసిన తర్వాత విశ్వవిద్యాలయంలో ప్రత్యేక కోర్సు చదవాలి. ఫార్మసిస్టులకు ఇది కనీసం 26 రోజుల చదువు, పైన 90 గంటలు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూడడం. నర్సులకు మందుల శాస్త్రం పరీక్షలో 80 శాతం రావాలి. మోతాదు లెక్కల పరీక్షలో నూటికి నూరు రావాలి. 99 వచ్చినా తప్పినట్టే. 35 మార్కులతో గట్టెక్కే మన పద్ధతికి అలవాటుపడిన వారికి ఇది వింతగా ఉంటుంది గాని, మోతాదు లెక్కలో ఒక తప్పు అంటే ఒక మనిషికి జరిగే తప్పు. పాసైన తర్వాత కౌన్సిల్ రిజిస్టరులో పేరు పక్కన ఆ అర్హత నమోదవుతుంది. ఎవరైనా చూసుకోవచ్చు.

ఇప్పుడు బ్రిటన్‌లో ఫార్మసీ చదువునే మార్చారు. 2021లో వచ్చిన కొత్త ప్రమాణాల ప్రకారం 2026 నుంచి కొత్తగా శిక్షణ ముగించి రిజిస్టరయ్యే ఫార్మసిస్టులు మొదటి రోజు నుంచే మందు రాసే అర్హతతో వస్తారు. ఇది కాక 2024 జనవరి 31 నుంచి ఇంగ్లండులో గొంతు నొప్పి, చెవి నొప్పి, ఆడవారికి మూత్రంలో మంట వంటి ఏడు సమస్యలకు మందుల షాపులోనే ఫార్మసిస్టు చూసి మందు ఇచ్చే పథకం నడుస్తోంది. ఇది చీటీ రాయడం కాదు. ముందే రాసిపెట్టిన నిబంధనల పత్రం ప్రకారం ఇవ్వడం. రోగి ఆ నిబంధనలలో ఇమడకపోతే డాక్టరు దగ్గరికి పంపాలి.

ఫలితాలు ఎలా ఉన్నాయని అడగవచ్చు. కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2016లో 46 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. బి.పి., షుగరు, కొలెస్టరాల్ అదుపులో ఉంచడంలో నర్సులు, ఫార్మసిస్టులు రాసిన చికిత్స డాక్టర్లు రాసిన దానికి తీసిపోలేదని తేల్చింది. అయితే అవి ఎక్కువగా ధనిక దేశాల అధ్యయనాలు. ఫోను చేస్తే పలికే డాక్టరు, పరీక్షలు చేసే ల్యాబు వెనకాల ఉన్నచోట వచ్చిన ఫలితాలు అవి.

రాసేవాడే అమ్మవచ్చా?

ఫార్మసిస్టుల విషయంలో ఒక చిక్కు ఉంది. మందు రాసేవాడే దానిని అమ్ముకుంటే, అవసరం లేని సీసా కూడా సంచిలో పడుతుంది. అందుకే బ్రిటన్‌లో ఫార్మసిస్టు తాను రాసిన మందును మామూలుగా తానే ఇవ్వకూడదని, మరొకరు సరిచూడాలని నియమం పెట్టుకున్నారు.

మన ఊళ్ళలో ఏం జరుగుతోందో వేరే చెప్పనక్కరలేదు. ఒంట్లో బాగోలేదంటే మనలో ఎంతమందిమి చీటీ లేకుండా షాపుకు వెళ్ళి, "జ్వరం, దగ్గు, రెండు రోజులకు ఇవ్వన్నా" అని అడగలేదు? కౌంటరులో ఉన్న అబ్బాయి చేతిలో నాలుగు రకాల మాత్రలు కత్తిరించి పెడతాడు. అందులో ఒకటి యాంటీబయాటిక్. అతను ఫార్మసీ చదివినవాడు కాకపోవచ్చు. చదివినవాడి సర్టిఫికెట్ మాత్రం అద్దం పెట్టించి గోడకు వేలాడుతూ ఉంటుంది. ఆ సర్టిఫికెట్ యజమాని నెలకు ఇంత అని అద్దె తీసుకుని ఇంకోచోట ఇంకో పని చేసుకుంటాడు. డి.ఫార్మసీ చదివే తమ్ముళ్ళకు ఈ ఆశ చూపేవాళ్ళు తప్పకుండా వస్తారు. ఒప్పుకోవద్దు. పేరు మీది, తప్పు జరిగితే కేసు మీ మీద. ఇవ్వడంలోనే మనిషి లేనిచోట రాసే హక్కు అడిగితే ఎవరు వింటారు?

మన చట్టం ఏమంటోంది?

1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945లో చేసిన నియమాల ప్రకారం షెడ్యూల్ హెచ్ మందులు రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ ఉంటేనే అమ్మాలి. యాంటీబయాటిక్స్‌లో పై తరగతివి, క్షయ మందులు వంటి 46 మందులను షెడ్యూల్ హెచ్1 అని వేరుచేసి 2014 మార్చి నుంచి ఇంకా కట్టుదిట్టం చేశారు. వాటిని ఎవరు రాశారు, ఎవరికి ఇచ్చారు అని షాపులో రిజిస్టరు రాసి మూడేళ్ళు దాచాలి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. చట్టంలో "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్" అంటే వైద్యం చదివి కౌన్సిల్‌లో నమోదైన డాక్టరు. మన పల్లెల్లో "ఆర్.ఎం.పి. డాక్టరు" అంటే ఆ చదువు, ఆ నమోదు లేని మనిషి. ఒకే పేరు, రెండు వ్యతిరేక అర్థాలు. నాలుగేళ్ళు నర్సింగ్ చదివిన అమ్మాయికి రాసే అధికారం లేదు. ఏమీ చదవని ఆర్.ఎం.పి. మాత్రం సెలైన్ కూడా ఎక్కిస్తాడు.

అయితే మన నర్సులకు మందు విషయంలో ఏ అధికారమూ లేదనుకుంటే పొరపాటు. ప్రాణం పోయే వేళ కోసం కొన్ని తలుపులు తెరిచారు. గర్భిణికి బి.పి. పెరిగి ఫిట్స్ వస్తే దానిని గుర్రపు వాతం అంటారు. 2010 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఎ.ఎన్.ఎం. మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇచ్చి, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. అక్కడ డాక్టరు కోసం కాచుకుంటే తల్లి దక్కదు. అలాగే 2014లో, సెప్సిస్ సోకిన పసిబిడ్డను ఏ కారణం చేతనైనా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళలేని పరిస్థితిలో ఎ.ఎన్.ఎం. జెంటామైసిన్ ఇంజక్షన్ ఇవ్వవచ్చని కేంద్రం అనుమతించింది. వీటిని మేము చిన్న విషయాలుగా అనుకోవడం లేదు. ఇంగ్లండు నర్సుకు మొదట పేలమందు ఇచ్చారు. మన ఎ.ఎన్.ఎం.కు నేరుగా చావు బతుకుల ఇంజక్షనే ఇచ్చారు.

2018 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజున, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ మొదలైంది. 2023 నుంచి వీటిని ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అంటున్నారు. ఈ సబ్ సెంటర్లలో ఎక్కువగా నర్సింగ్ చదివి, ఆరు నెలల శిక్షణ పొందినవారు పనిచేస్తున్నారు. మన రెండు రాష్ట్రాల్లో వారిని ఎం.ఎల్.హెచ్.పి. అంటారు. మన హాస్టళ్ళ నుంచి వెళ్ళిన చెల్లెళ్ళు ఈ ఉద్యోగాల్లో ఉన్నారు. పద్ధతి ప్రకారం బి.పి., షుగరు మందులు మొదట పి.హెచ్.సి. డాక్టరు రాయాలి. నెలనెలా ఇవ్వడం, చూసుకోవడం వీరి పని. కొత్త సమస్య వస్తే ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో వీడియోలో మాట్లాడించాలి.

2019లో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ ఇంకో అడుగు వేసింది. కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అనే పేరుతో పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చని, వారు ప్రాథమిక వైద్యంలో నిర్దేశించిన మందులు సొంతంగా రాయవచ్చని, మిగతావి డాక్టరు పర్యవేక్షణలోనే రాయాలని అందులో ఉంది. డాక్టర్ల సంఘాలు దేశవ్యాప్తంగా సమ్మె చేశాయి. చదువులేని వైద్యానికి చట్టం ముద్ర వేస్తున్నారన్నది వారి ఆరోపణ.

మా అభిప్రాయం

డాక్టర్ల అభ్యంతరం కన్నా మాకు బరువైన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఉన్నవాడికి డాక్టరు, లేనివాడికి నర్సా? పట్నంలో స్పెషలిస్టు, తండాకు, దళితవాడకు ఆరు నెలల శిక్షణా? మనం ఆ వాడల నుంచే వచ్చాం గనుక ఈ ప్రశ్న మనమే అడగాలి. ఇంగ్లండులో నర్సు రాసేది ధనికులకూ పేదలకూ ఒకటే, వెనక డాక్టరు ఉంటాడు. డాక్టరు పోస్టు ఖాళీగా వదిలేసి దాని బదులు నర్సును కూర్చోబెడితే అది వేరే సంగతి. పి.హెచ్.సి.లో డాక్టరు ఉండి తీరాలి, దానికి తోడుగా నర్సుకు రాసే అధికారం ఉండాలి. మొదటిది వదులుకుని రెండవది తీసుకోకూడదు.

రెండవది, పని ముందు అప్పగించి రక్షణ తర్వాత చూద్దామనడం మన దగ్గర అలవాటు. సబ్ సెంటరులో ఒంటరిగా ఉన్న చెల్లి, డాక్టరు ఫోను ఎత్తనప్పుడు, ఎదుట రోగి ఆయాసపడుతుంటే ఏం చేయాలి? మందు ఇస్తే "ఎవరు రాయమన్నారు" అంటారు. ఇవ్వకపోతే "నర్సు అయి ఉండి చూస్తూ కూర్చుంది" అంటారు. అందుకే ఈ ఉద్యోగాల్లో ఉన్నవారికి మేము చెప్పేది: ఏ మందు ఏ పరిస్థితిలో ఇవ్వవచ్చో డాక్టరు సంతకంతో స్టాండింగ్ ఆర్డర్ కాగితం అడిగి తీసుకోండి. ఫోనులో చెప్పిన ప్రతి మందునూ టైముతో సహా రిజిస్టరులో రాయండి.

చివరగా ఒక లెక్క. నూటికి నూరు రావలసిన పరీక్షలో ఉండే రకం. ఇది అభ్యాసం కోసమే, ఇంట్లో వాడడానికి కాదు. బిడ్డ బరువు 12 కిలోలు. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు ఇవ్వమన్నారు. అంటే ఒక్కసారికి 180 మిల్లీగ్రాములు. సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉంటే ఇవ్వవలసింది 7.2 మి.లీ. అదే మందు చుక్కల సీసాలో 1 మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. దాని నుంచి ఇవ్వవలసింది 1.8 మి.లీ. మాత్రమే. సీసా మారింది చూసుకోకుండా 7.2 మి.లీ. చుక్కల మందు పోస్తే బిడ్డ కడుపులోకి 720 మి.గ్రా. వెళ్తుంది, నాలుగు రెట్లు. ఇప్పుడు 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్న సిరప్ సీసా ఇచ్చారనుకోండి, ఎన్ని మి.లీ. పోయాలి? జవాబు హాస్టల్ నోటీసు బోర్డు మీద రాసి పెట్టమని వార్డెన్ గారికి చెప్పాము, ముందు మీరు చేసి చూడండి.