స్కానింగ్‌లో కనబడని మచ్చ

మీ ఇంట్లోవారికి కడుపు స్కానింగ్ తీయించారు. ‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1’ అని రిపోర్టు వచ్చింది. మరి డాక్టరు గారు మళ్ళీ ‘ఫైబ్రోస్కాన్’ ఎందుకు రాశారు, ఇంకా ఖర్చు ఎందుకు అని చాలామంది మమ్మల్ని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

ఆ గ్రేడ్ లివరులో పేరుకున్న కొవ్వుకు సంబంధించినది, మచ్చకు కాదు. మద్యం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, షుగరు, అధిక బరువు వలన లివరు ఏళ్ళ తరబడి దెబ్బ తింటే, పుండు మానినచోట మచ్చ పడినట్లు లోపల గట్టి పీచు ఏర్పడుతుంది. అది ముదిరితే సిర్రోసిస్. అప్పుడు లివరు గరుకుగా ఉండటం, ప్లీహం పెరగడం, కడుపులో నీరు చేరడం మామూలు స్కానింగ్‌లోనే తెలుస్తాయి. కాని మొదటి దశల మచ్చ అందులో సాధారణంగా కనబడదు. ‘నార్మల్ వచ్చింది కదా’ అని మళ్ళీ సీసా పట్టినవారిని చూస్తే మాకు చాలా బాధ.

ఫైబ్రోస్కాన్ కూడా అల్ట్రాసౌండుతో చేసేదే. ఫ్రాన్సులో తయారైన ఈ యంత్రం 2003 నుండి వాడుకలో ఉంది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, కుడి పక్కటెముకల మధ్య జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. అది మెల్లగా తడుతుంది. ఆ తాకిడికి పుట్టిన అల మెత్తని లివరులో నిదానంగా, గట్టిపడిన లివరులో వేగంగా పోతుంది. 10 సార్లు కొలిచి మధ్య అంకె తీసుకుంటారు. సూది లేదు, మత్తు లేదు, పది నిమిషాల పని.

అంకెను కిలోపాస్కల్‌లలో ఇస్తారు. ఆరోగ్యవంతులలో 5కు అటూ ఇటూ ఉంటుంది. 10 లోపు ఉండి వేరే లక్షణాలు లేకపోతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 15 దాటితే ఎక్కువ. మధ్యలో వస్తే ఇతర పరీక్షలతో కలిపి డాక్టరు గారే తేల్చాలి.

ఇక్కడ మీ సహాయం కావాలి. అన్నం తిని వస్తే లివరుకు రక్తం ఎక్కువగా చేరి అంకె పెరుగుతుంది. కనీసం 3 గంటలు ఏమీ తిననివ్వకండి. షుగరు మందులు వాడుతుంటే ముందే చెప్పండి. కామెర్లు, గుండె జబ్బుతో లివరు ఉబ్బడం, మొన్నటివరకు బాగా తాగి ఉండటం కూడా అంకెను పెంచుతాయి. తాగుడు మానిన కొన్ని వారాలకు అదే మనిషికి అంకె తగ్గవచ్చు. కాబట్టి ఒక్క అంకె చూసి ఏడవకండి, తాగిన సంగతి మాత్రం దాచకండి. ఆయన దాచినా మీరు చెప్పండి. పసరు మందు పోయించినా చెప్పండి, ఎవరూ కోప్పడరు.

కడుపులో నీరు బాగా ఉన్నవారికి ఈ పరీక్షలో అంకె సరిగా రాదు. గర్భిణులకు సాధారణంగా చేయరు.

సిర్రోసిస్ అని తేలినవారు ఫైబ్రోస్కాన్ అయిందని మామూలు స్కానింగ్ మానకూడదు. లివరులో గడ్డ పుడుతున్నదేమో చూడటానికి 6 నెలలకొకసారి అది అవసరం. వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ ఒకే కవరులో పెట్టి తీసుకురండి. పోయినసారి అంకె పక్కన పెట్టి చూస్తేనే ఈసారి అంకెకు అర్థం తెలుస్తుంది.