ఆ పైసలు ఎక్కడ పుట్టాయి?

చిరంజీవి బుజ్జికి,

లా పూర్తయ్యాక సోలార్, గాలిమరల కేసుల్లోకే వెళ్తానని పట్టుబట్టావట, అన్నయ్య చెప్పాడు. మంచిదే. భూగోళాన్ని కాపాడే వాదనలు చేయొచ్చని ఆశపడుతున్నావేమో గానీ, ఆ రంగంలో వకీలు రోజంతా చూసేది పైసల లెక్క.

మన దగ్గరి కేసే తీసుకో. 2019 జులై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. పాత పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలు తగ్గించేందుకు ఉన్నతస్థాయి సంప్రదింపుల కమిటీ వేసింది. ఆ నెలలోనే కంపెనీలకు డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) లేఖలు అందాయి. గాలి కరెంటు యూనిట్ రూ.2.43కి, సోలార్ రూ.2.44కి దిగాలి, లేకపోతే ఒప్పందం రద్దు. పవన విద్యుత్ ఒప్పందాల్లో అప్పటికి చాలావాటి ధర రూ.4.80 పైచిలుకు.

తెలివైన వకీలు ముందు అడిగే ప్రశ్న, ఆ 2.44 ఎక్కడ పుట్టిందని. రాజస్థాన్‌లోని భడ్లా సోలార్ పార్కు వేలంలో 2017 మేలో పలికిన ధర అది. 2.43 కూడా అంతే, అదే ఏడాది డిసెంబరులో గుజరాత్ పవన విద్యుత్ వేలంలో వచ్చిన అంకె. పక్క జిల్లా సంతలో ఈ ఏడు ధర చూపించి, మూడేళ్ల కిందట మన ఊళ్లో కొన్న ఎద్దుకు సగం డబ్బు వెనక్కి ఇమ్మన్నట్టుంది. పైగా ఇక్కడి గాలి కరెంటు ధర వేలంలో తేలింది కాదు. 2015 నిబంధనల కింద విద్యుత్ నియంత్రణ మండలి స్వయంగా లెక్కకట్టి ఖరారు చేసింది. విద్యుత్ చట్టంలో మండలి లెక్కకట్టే దారి 62వ సెక్షన్, వేలం దారి 63. ఈ తేడా పట్టుకున్నవాడికి సగం కేసు చేతిలో ఉన్నట్టే.

వ్యవహారం కోర్టుకెక్కింది. 2019 సెప్టెంబరు 24న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం జీవోను, లేఖలను కొట్టేసింది. కంపెనీలు సంబరపడే లోపే తీర్పు రెండో భాగం వచ్చింది. ధరల సంగతి మండలి తేల్చాలి, అప్పటిదాకా 2.43, 2.44 చొప్పునే చెల్లింపులు. కేసు గెలిచారు, డబ్బు రాలేదు! అప్పీలు తేలేసరికి 2022 మార్చి 15. ఒప్పందంలో ఉన్న ధర ప్రకారమే బకాయిలు ఆరు వారాల్లో కట్టాలని ద్విసభ్య ధర్మాసనం చెప్పింది. రెండున్నరేళ్లు బ్యాంకు వడ్డీ ఎవరి కోసమూ ఆగదు కదా.

అలాగని డిస్కంలను విలన్లుగా చూడకు. ఖరీదైన కరెంటు భారం చివరికి వినియోగదారు బిల్లులోకే చేరుతుందన్న వారి వాదన అబద్ధం కాదు, ఎంచుకున్న దారే తప్పు. చట్టంలోనూ ఈ రెండువైపుల లాగుడు ఉంది. డిస్కంలు కొనే ధరను నియంత్రించమనేదీ, పునరుత్పాదక విద్యుత్తును ప్రోత్సహించమనేదీ ఒకే 86వ సెక్షన్. వకీలు ఏ పక్షాన నిలబడినా రెండో పక్షం లెక్క కంఠతా వచ్చి ఉండాలి.

గడువుల దగ్గర మాత్రం జాలి ఉండదు. ఫలానా ధర వర్తించే కాలాన్ని స్వాభావిక అధికారం పేరుతో మండలి పొడిగించలేదని గుజరాత్ సోలార్ కేసులో సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. మండలి ఉత్తర్వుపై అప్పీలేట్ ట్రిబ్యునల్‌కు 45 రోజులు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు 60 రోజులు.

పుస్తకం కంటే ముందు విచారణ చూడు. డిస్కంలు ఏటా నవంబరు చివరికి వచ్చే ఏడాది ఆదాయ, వ్యయ అంచనాలు దాఖలు చేస్తాయి, ఆ తర్వాత బహిరంగ విచారణలు. రైతు సంఘాల వాళ్లు, రిటైరైన ఇంజినీర్లు పేజీ నంబరుతో సహా తప్పులు పట్టుకునే తీరు ఏ లా కాలేజీలోనూ నేర్పరు. ఆంధ్రప్రదేశ్ మండలి ఇప్పుడు కర్నూలులోనే ఉంది. పనిలో పనిగా గని, శకునాల గ్రామాల దగ్గరి వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కూడా చూసిరా. రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి, ఒక్కోదాంట్లో ఎంత కరెంటు ఇస్తారో ఉత్పత్తిదారులు గ్రిడ్‌కు ముందే అంచనా చెప్పాలి. మబ్బు పట్టి అంచనా తప్పితే జరిమానా ఎందుకు పడుతుందో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ 2022 తీర్పు ప్రింటు తెచ్చుకో. ధర కనిపించిన ప్రతి చోటా అది ఎవరు, ఏ ఏడు, ఏ సెక్షన్ కింద పెట్టారో పక్కన పెన్సిల్‌తో రాసి తే. కూర్చుని చూద్దాం.

మీ బాబాయి