కంఠస్థమైన ఉపన్యాసం, కంపించే కంఠం

ప్రశ్న: తరగతిలో ఏళ్ల తరబడి జంకు లేకుండా పాఠం చెబుతున్న ఉపాధ్యాయినికి, పాఠశాల వార్షికోత్సవ వేదిక ఎక్కగానే గుండె దడ, చేతుల వణుకు ఎందుకు కలుగుతాయి? (ఖమ్మం)

జవాబు: పలువురి చూపు తన మీదనే ఉన్నదన్న స్పృహతో వక్తకు కలిగే బెదురును సభాకంపం అంటారు. మనిషి ఇచ్ఛతో నిమిత్తం లేకుండా గుండెను, ఊపిరిని, జీర్ణక్రియను నడిపే నాడులలో, ఆపద ఎదురైనప్పుడు పోరాటానికో పలాయనానికో దేహాన్ని సిద్ధం చేసే భాగం సహానుభూత నాడీవ్యవస్థ. అది మేల్కొనగానే మూత్రపిండాల పైన ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదలుతాయి, గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాలకు మళ్లుతుంది, లాలాజలం తగ్గి నాలుక అంగిలికి అంటుకుంటుంది. అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే ఈ ప్రక్రియను గ్రంథరూపంలో వివరించాడు. అది సమర్థతను కొలిచేది కాదు గనుక, అనుభవమున్న ఉపాధ్యాయినికి అది రావడంలో వింతా లేదు, సిగ్గుపడవలసిందీ లేదు. తరగతిలో ఆమె దృష్టి పిల్లల ముఖాల మీద, వారికి పాఠం ఎక్కుతున్నదా లేదా అన్నదాని మీద ఉంటుంది. వేదిక మీద అదే దృష్టి వెనుదిరిగి తన గొంతు మీదికి, తన చేతుల మీదికి వస్తుంది. లోపలి కలవరమంతా సభకు కనిపిస్తున్నదని వక్తలు భావిస్తారు గాని, శ్రోతలకు అందులో కొంత మాత్రమే కనిపిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు సావిట్‌స్కీ, గిలోవిచ్ 2003లో ప్రచురించిన ప్రయోగాలు తేల్చాయి. ఈ సంగతి ముందుగా తెలిసిన వక్తలు తెలియనివారికంటే మెరుగ్గా మాట్లాడారని కూడా అవే ప్రయోగాలలో వెల్లడైంది. పేరు పిలవడానికి ముందు, పీల్చినంతసేపటికంటే ఎక్కువసేపు ఊపిరి వదులుతూ ఉంటే గుండె వేగం కొంత నెమ్మదిస్తుంది.

ప్రశ్న: ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి, ఇంట్లో తప్పులేకుండా అప్పజెప్పిన ఉపన్యాసాన్ని వక్తృత్వ పోటీలో మధ్యలో మరచి, ఏడుస్తూ దిగి వచ్చింది. మళ్లీ పోటీ ఉన్నది గనుక రోజుకు ఎన్నిసార్లు వల్లె వేయించాలని ఆమె తల్లి అడుగుతున్నారు. (గుంటూరు)

జవాబు: ఒక్కసారి కూడా వేయించకూడదు. వక్తృత్వ పోటీల పేరిట పెద్దలు రాసి ఇచ్చిన వ్యాసాన్ని పిల్లల చేత బట్టీ పట్టించి, చెయ్యి ఎక్కడ ఎత్తాలో, గొంతు ఎక్కడ పెంచాలో కూడా నేర్పి పంపే అలవాటు తెలుగునాట పాతుకుపోయింది. పెద్దయ్యాక మైకు చూస్తే బెదిరేవారిలో చాలామందికి ఆ బెదురు బీజం అక్కడే పడింది. కంఠతా పట్టిన వచనంలో ప్రతి మాటా తన ముందరి మాటను పట్టుకునే వస్తుంది గనుక, కలవరంలో ఒక్క మాట జారితే తరువాతిది అందదు. విషయం తెలిసిన వక్త స్థితి వేరు: ఊరి దారులన్నీ ఎరిగినవాడు ఒక మలుపు తప్పినా మరో సందులోంచి గమ్యం చేరుకున్నట్టు, అతడు మరో వాక్యంతో అదే భావాన్ని అందుకుంటాడు.

అవధానులు పద్యాలను ధారణ చేయడం లేదా అన్న ఆక్షేపణ ఇక్కడ సహజం. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అనగా ప్రశ్నలు వేసేవారు, చుట్టూ ఉండగా, అప్రస్తుత ప్రసంగి అడుగడుగునా అడ్డు తగులుతుండగా, అవధాని వంతులవారీగా చెప్పిన పద్యాలను చివర ఏకధాటిగా ఒప్పజెప్పే మాట నిజమే. అయితే అవి తాను అల్లినవి. పైగా ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర యతి, ప్రతి పాదంలో రెండో అక్షరానికి ప్రాస జ్ఞాపకానికి ఊతమిస్తాయి, గణాలు తప్పిన మాటను చెవి వెంటనే పట్టేస్తుంది. పర్యావరణం మీద రెండు పుటల వచనానికి యతీ లేదు, ప్రాసా లేదు; ఆ భారమంతా పన్నెండేళ్ల పిల్ల మోయాలి.

1891లో ఇంగ్లండు వదిలే ముందు మిత్రులకిచ్చిన వీడ్కోలు విందులో గాంధీ, ఎంతో శ్రద్ధగా సిద్ధం చేసుకున్న కొద్దిపాటి వాక్యాలలో మొదటిది దాటలేకపోయినట్టు ఆత్మకథలో రాసుకున్నారు. 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల ఎదుట, వ్యాపారంలో సత్యపాలన గురించి ఆయన ప్రసంగించగలిగారు. జీవితంలో తొలి బహిరంగ ప్రసంగంగా ఆయన లెక్కించినది దానినే. స్వభావం చేత బిడియస్థుడైన ఆ యువకుడు రెండేళ్లలో మారిపోలేదు. చెప్పితీరవలసిన విషయం దొరికింది, దానిని ఆయన బాగా ఆలోచించి వెళ్లారు.

కాబట్టి ఆ తల్లి చేయవలసినది ఏమంటే, కాగితం పక్కన పెట్టి, విషయం గురించి అమ్మాయికి ఏమి తెలుసో, ఏది అన్యాయమనిపిస్తున్నదో మాటల్లో పెట్టి అడగాలి. ఆమె చెప్పినవాటిలోంచే మూడు అంశాలు ఎంచుకుని, ఒక్కొక్కదానికి ఒకే మాట చీటీ మీద రాయనివ్వాలి. ఆ చీటీతో, కూర్చుని కాక నిలబడి, గట్టిగా, ప్రతిసారీ వేరే మాటలతో, అమ్మమ్మకూ పక్కింటి పిల్లలకూ చెప్పించాలి. కలవరం తారస్థాయిలో ఉండేది మొదటి నిమిషంలోనే గనుక, మొదటి రెండు వాక్యాలు మాత్రం నోటికి వచ్చి ఉంటే మేలు. బహుమతి రాకపోవచ్చు, ఎందుకంటే చాలామంది న్యాయనిర్ణేతలు ఇంకా ధాటికే మార్కులు వేస్తున్నారు. ఆ బహుమతి పోయినా పరవాలేదు.

ప్రశ్న: ప్రసంగానికి ముందు కాఫీ తాగితే ధైర్యం వస్తుందా? (అనంతపురం)

జవాబు: రాదు, అందులోని కెఫీన్ దడనూ వణుకునూ పెంచవచ్చు గనుక మంచినీళ్లు చాలు.

ప్రశ్న: సంస్థ సమావేశంలో మాట్లాడే ముందు వేసుకోమని సహోద్యోగి ఇచ్చిన ప్రొప్రనలాల్ మాత్ర వాడవచ్చునా? (హైదరాబాద్)

జవాబు: వైద్యుడు చూడకుండా, మరొకరి మాత్ర ఎన్నడూ మింగకూడదు. 1960లలో జేమ్స్ బ్లాక్ గుండెజబ్బుల కోసం రూపొందించిన ఈ మందు బీటా బ్లాకర్ల తరగతికి చెందినది, అనగా గుండె మీద ఎడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునేది. దడను, వణుకును తగ్గిస్తుంది గాని, సిద్ధపడని ప్రసంగాన్ని నిలబెట్టలేదు. ఉబ్బసం ఉన్నవారికి దీనివల్ల ఊపిరి ఆడని స్థితి ఏర్పడవచ్చు. మధుమేహులలో రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు హెచ్చరికగా వచ్చే దడను ఇది కప్పిపుచ్చుతుంది. మాట్లాడవలసి వస్తుందన్న భయంతో పదోన్నతినే వదులుకునేదాకా వస్తే, అది మామూలు బెదురు కాక సామాజిక ఆందోళన రుగ్మత అయి ఉండవచ్చు. ఆలోచనా ధోరణిని, తప్పించుకునే అలవాటును క్రమంగా మార్చే ప్రజ్ఞాత్మక ప్రవర్తన చికిత్సతో అది చాలామందిలో తగ్గుతుంది. ఎవరిని కలవాలో తోచనివారు కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే సలహా పొందవచ్చు.