అడ్‌హాక్ నెట్‌వర్కుల భద్రత: పోటీ పరీక్షల ప్రత్యేకం

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో డ్రైవర్ లేని వాహనాలను, డ్రోన్లను పరీక్షించే ‘తిహాన్’ కేంద్రాన్ని 2022 జూలై 4న కేంద్రమంత్రి జితేంద్ర సింగ్ ప్రారంభించారు. ఇలాంటి వాహనాలు టవర్, రూటర్ వంటి స్థిర పరికరాలతో పనిలేకుండా తమలో తాము అప్పటికప్పుడు ఏర్పరచుకోగల వైర్‌లెస్ అనుసంధానాన్ని అడ్‌హాక్ నెట్‌వర్క్ అని, అది వాహనాల మధ్యనే ఉన్నప్పుడు వానెట్ అని వ్యవహరిస్తారు.

ఇందులో ప్రతి పరికరమూ, అంటే నోడ్, తన సమాచారాన్ని పంపుకోవడమే కాక ఇతరుల సమాచారాన్నీ ముందుకు చేరవేస్తుంది గనుక నెట్‌వర్క్ బలమూ బలహీనతా నోడ్ల పరస్పర నమ్మకంలోనే ఉన్నాయి. 2003లో ఆర్‌ఎఫ్‌సీ 3561 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడిన ఏఓడీవీ అనే రూటింగ్ (దారి కనుగొనే) విధానంలో ఒక నోడ్ గమ్యానికి దారి అడిగినప్పుడు, దుష్ట నోడ్ పెద్ద వరుస సంఖ్య చూపి, తాజా దారి తన వద్దే ఉందని బదులిచ్చి, చేతికందిన ప్యాకెట్లను పారవేస్తే అది బ్లాక్‌హోల్ దాడి. రెండు దుష్ట నోడ్లు ఒకచోటి ప్యాకెట్లను రహస్య మార్గంలో మరోచోటికి తరలిస్తే వార్మ్‌హోల్ దాడి. ప్యాకెట్‌ను విప్పకుండానే తరలించవచ్చు కాబట్టి ఎన్‌క్రిప్షన్ ఒక్కటే దీన్ని ఆపలేదు, అభ్యర్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన అంశం ఇదే.

ఒకే పరికరం అనేక గుర్తింపులతో చలామణి కావడం సిబిల్ దాడి. దీనికి డిజిటల్ ధ్రువపత్రాలు విరుగుడైనా, ఒకే పత్రాన్ని నిత్యం వాడితే వాహనం జాడ తెలిసిపోతుంది కాబట్టి మారుపేర్ల పత్రాలను తరచూ మారుస్తారు. వాహన సందేశాల భద్రతకు వర్తించే ప్రమాణం ఐఈఈఈ 1609.2.